64 పోస్టులు రాశాను, చదివేవాళ్లే లేరు. తప్పెక్కడ?

కుండీలోమొక్క (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ ఓపిక నశించి రాస్తున్నాను.

ఇంట్లో కుండీల్లో పెంచే మొక్కల గురించి 15 నెలలుగా బ్లాగు నడుపుతున్నాను. వారానికొకటి లెక్కన 64 పోస్టులయ్యాయి. జ్వరమొచ్చినా మానలేదు. ఒక్కో పోస్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. పుస్తకాలు తిరగేస్తాను, నాలుగైదు సైట్లు చూస్తాను, సరిచూసుకుని మరీ రాస్తాను. రోజుకు 10, 12 మంది వస్తారు. అందులోనూ నేనే ఇద్దరిని, ఫోన్‌లో ఒకసారి, లాప్‌టాప్‌లో ఒకసారి చూసుకుంటాను కాబట్టి.

మధ్యలో ఒకాయన "మీ సైటుకు 500 లింకులు కట్టిస్తాను, గూగుల్ మొదటి పేజీలోకి వచ్చేస్తుంది" అంటే నమ్మి డబ్బు కట్టాను. తీరా చూస్తే ఆ లింకులన్నీ ఏవేవో భాషల్లో, జూదం సైట్ల నుంచి. అది వేరే ఏడుపు.

విచిత్రం ఏమిటంటే, వచ్చే ఆ కొద్దిమందిలో సగం మంది ఒకే పోస్టుకి వస్తున్నారు. "నా మనీ ప్లాంట్‌ని నేనే చంపుకున్నాను" అని ఒకరోజు చిరాకులో పావుగంటలో రాసి పడేసిన ముక్క అది. దాన్లో సమాచారమంటూ ఏమీ లేదు. కష్టపడి రాసినవాటి మొహం ఎవరూ చూడడం లేదు.

తప్పెక్కడుందో మొహమాటం లేకుండా చెప్పండి.

సర్చ్‌బార్

ముందు ఆ లింకుల సంగతి తేల్చేద్దాం. ర్యాంకు కోసం డబ్బిచ్చి లింకులు కొనడం గూగుల్ స్పామ్ నియమాలకు విరుద్ధం. మళ్లీ ఆ దారి తొక్కకండి. సర్చ్ కన్సోల్‌లో (గూగుల్ సర్చ్‌లో మన సైటు లెక్కలు చూపే గూగుల్ పరికరం) "మాన్యువల్ యాక్షన్స్" అనే చోట, అంటే గూగుల్ సైటు మీద చర్య తీసుకుంటే తెలిపే చోట, ఏదైనా నోటీసు ఉందేమో చూడండి. లేకపోతే నిద్ర పాడుచేసుకోకండి, అలాంటి చెత్త లింకుల్ని చాలావరకు గూగులే పక్కన పడేస్తుంది.

అసలు సర్చ్ కన్సోల్ పెట్టుకున్నారా? ఆ మనీ ప్లాంట్ పోస్టుకి జనం ఏ మాట వెతుకుతూ వస్తున్నారు?

వేగం99

బ్రో సింపుల్. వారానికొకటి రాస్తే ఎవరు చూస్తారు? ఏఐతో రోజుకి ఐదు పెట్టు. మూడు నెలల్లో 450 పేజీలు. వాటిలో ఏదో ఒకటి తగులుతుంది. నేను అదే చేశాను, మొదటి రెండు నెలల్లోనే గ్రాఫ్ నిలువునా లేచింది.

ఎర్రసిరా

@కుండీలోమొక్క, చనిపోయిన మొక్క గురించి తర్వాత మాట్లాడదాం. మీకు బాగా నచ్చిన, బాగా కష్టపడి రాసిన పోస్టు ఒకటి ఎంచుకోండి. దాని శీర్షిక, మొదటి పేరా ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. దయచేసి దిద్దకుండా.

కుండీలోమొక్క

సర్చ్ కన్సోల్ పెట్టాను కానీ ఎప్పుడూ తెరవలేదండీ, గ్రాఫులు చూస్తే భయం. ఈ రాత్రి చూస్తాను.

ఎర్రసిరా గారూ, ఇదిగో. దీనికి నాలుగు రోజులు పట్టింది.

శీర్షిక: మనీ ప్లాంట్ - ఒక సమగ్ర అవలోకనం

"ప్రకృతి మనకు ప్రసాదించిన అమూల్యమైన వరం మొక్కలు. నేటి ఉరుకుల పరుగుల జీవితంలో పచ్చదనం మనసుకు ఎంతో ఆహ్లాదాన్ని కలిగిస్తుంది. ఇంట్లో పెంచుకునే మొక్కల్లో మనీ ప్లాంట్‌కు ప్రత్యేక స్థానం ఉంది. అయితే కొన్నిసార్లు దీని ఆకులు పసుపు రంగులోకి మారడం జరుగుతుంది. ఇందుకు గల కారణాలు మరియు నివారణ చర్యల గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం."

ఎర్రసిరా

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. ఇందులో ఐదు వాక్యాలున్నాయి. మొదటి మూడు తీసేస్తే ఎవరికీ ఏ నష్టమూ లేదు. మొక్కలు వరమని, పచ్చదనం హాయినిస్తుందని చెప్పించుకోవడానికి ఎవరూ రారు. వచ్చినవాడి చేతిలో పసుపుపచ్చ ఆకు ఉంది. వాడికి కావలసిన మాట నాలుగో వాక్యంలో మొదలైంది, అదీ "మారడం జరుగుతుంది" అని నీళ్లు కలిపిన పాలలా. ఐదోది మరీ దారుణం. "ఈ వ్యాసంలో తెలుసుకుందాం" అన్నారంటే ఇంకా ఏమీ చెప్పలేదని మీరే ఒప్పుకున్నట్టు.

ఇవి బడి వ్యాసరచన నుంచి మనకంటిన అలవాట్లు. ఉపోద్ఘాతం, విషయం, ముగింపు, పది మార్కులు. అక్కడ చదివేది మాస్టారు, ఆయనకు చివరిదాకా చదవక తప్పదు. ఇక్కడ వేలు కాస్త జరిగితే మనం మాయం.

ఇంకొక చోటు చూపిస్తాను. మీ బ్లాగులోకి వెళ్లి అదే పోస్టులో కింద ఏముందో చూశాను. ఈ వాక్యం మీదే:

"మొక్క యొక్క వేర్లు అధిక తేమను కలిగి ఉన్నప్పుడు కుళ్లిపోవడం జరుగుతుంది."

తొమ్మిది మాటలు. మీరు పక్కింటావిడకు ఇదే చెప్పాలంటే ఏమంటారు? "నీళ్లెక్కువైతే వేళ్లు కుళ్లుతాయి." మూడు. "యొక్క", "మరియు", "కలిగి ఉండు", "జరుగుతుంది", "చేయబడును", ఈ ఐదింటినీ మీ 64 పోస్టుల్లోనూ వెతికి చూడండి. నేను దిద్దేవాటిల్లో ఈ ఐదింటికే ఎర్రసిరా సగం ఖర్చవుతుంది. అన్నిచోట్లా తప్పు అనను, కానీ పదిలో తొమ్మిది చోట్ల తీసేస్తే వాక్యానికి ప్రాణం వస్తుంది.

పాతకలం

@ఎర్రసిరా, దిద్దుబాటు బ్రహ్మాండం, ఒక్క మాట తప్ప. "వేళ్లు కుళ్లుతాయి" అంటే చేతివేళ్లనుకుని దడుచుకుంటారు. "వేర్లు" అనే ఉంచండి :)

ఎర్రసిరా

ఒప్పుకున్నాను. దిద్దేవాడికీ దిద్దేవాడు కావాలి.

నిశ్శబ్ద పాఠకురాలు

నేను రాయను, చదువుతాను. పాఠకుల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా అని వచ్చాను.

నేను చదివే తీరు చెబుతాను. ఫోన్‌లోనే, ఏదో ఒక పని మధ్యలో. శీర్షిక చూస్తాను. తెరిచాక మొదటి రెండు లైన్లు చూస్తాను. తర్వాత బొటనవేలితో సర్రున కిందికి వెళ్లిపోతాను, ఎంత పొడుగుందో చూడడానికి. దారిలో ఉపశీర్షికలు, బొమ్మలు కంటికి తగులుతాయి. నాక్కావలసిన మాట ఎక్కడైనా కనబడితే ఆగుతాను. అప్పుడు మాత్రం వెనక్కొచ్చి మొదటి నుంచి చదువుతాను, నిజంగానే చదువుతాను. కనబడకపోతే వెనక్కి బటన్. ఇదంతా పది సెకన్లు కూడా పట్టదు.

మీ బ్లాగు కూడా చూశానండీ. మొదటి స్క్రీన్ అంతా పెద్ద గులాబీ ఫొటో. అదీ మెల్లగా, పైనుంచి కిందికి, తెర దించినట్టు వచ్చింది. పోస్టేమో మనీ ప్లాంట్ గురించి. గులాబీ ఎందుకుందో అర్థం కాలేదు.

ఇంకొకటి, ఏమీ అనుకోకండి. "నా మనీ ప్లాంట్‌ని నేనే చంపుకున్నాను" పోస్టు నేను పూర్తిగా చదివాను. రోజూ పొద్దున్న ప్రేమగా నీళ్లు పోశానని, కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలిచాయని, ఎత్తి చూస్తే మురుగు వాసన వచ్చిందని, లాగితే మొక్క మొత్తం మెత్తగా చేతిలోకి ఊడొచ్చిందని రాశారు. చదివి లేచి మా కుండీ కింద పళ్లెం చూసుకున్నాను. దాన్లో సమాచారం లేదని ఎలా అన్నారు?

సర్చ్‌బార్

పైన చెప్పింది ఆవిడ ఒక్కరి అలవాటు కాదు. జనం వెబ్‌సైట్లు వాడే తీరును పరిశోధించే జాకబ్ నీల్సన్ బృందం 1997లోనే దీన్ని పరీక్షించింది. వాళ్లు చూసినవాళ్లలో కొత్త పేజీ తెరిచి కళ్లతో జల్లెడ పట్టేవాళ్లు 79 శాతం, మాట మాటా చదివినవాళ్లు 16 శాతం. 2006లో నీల్సన్ సంస్థ కంటి కదలికలు నమోదు చేసి చూస్తే, చూపు ఇంగ్లీషు "ఎఫ్" అక్షరంలా తిరిగింది. పైన ఒక అడ్డగీత, కాస్త కింద ఇంకో పొట్టి అడ్డగీత, ఆ తర్వాత ఎడమ అంచు వెంబడి నిలువుగా కిందికి. అంటే లైన్ల మొదట్లో ఉన్న మాటలకే చూపు దక్కుతుంది. అందుకే ఉపశీర్షికలో అసలు మాట ముందుకు రావాలి. "మనం తప్పక గమనించాల్సిన మరో ముఖ్య విషయం" అని ఉపశీర్షిక పెడితే ఆ చూపు వృథా. "పళ్లెంలో నీళ్లు" అని పెట్టండి, చాలు.

ఫొటో గురించి కూడా ఆవిడ సరిగ్గా పట్టుకున్నారు. ఫోన్‌లో తీసింది తీసినట్టు ఎక్కిస్తున్నారేమో, ఒక్కో ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో పెడితే చాలాసార్లు 200 కేబీ లోపే తేలిపోతుంది. పేజీలో పెద్దగా కనిపించే భాగం 2.5 సెకన్లలోపు రావాలని గూగుల్ కొలబద్ద. మీకు ఆ పెద్ద భాగం ఆ గులాబీయే. పైన ఉన్న మొదటి బొమ్మకు "లేజీ లోడింగ్" (పాఠకుడు అక్కడికి చేరేదాకా బొమ్మను తేకుండా ఆపడం) మాత్రం పెట్టకండి, అది కిందున్న బొమ్మల కోసం. పైదానికి పెడితే ఇంకా ఆలస్యమవుతుంది.

అక్షరమాల

అసలు ఆ బ్లాగులో ఫాంటే బాలేదండీ. వత్తులు పక్క లైను మీద పడుతున్నాయి. లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకి సరిపోయినంత మన లిపికి సరిపోదు, కనీసం 1.6 పెట్టుకోవాలి. నేనైతే ఈ మధ్య మూడు ఫాంట్లు మార్చి చూశాను, వాటిలో...

మోడరేటర్

ఫాంట్ల మీద 14 పేజీల చర్చ పక్క విభాగంలో ఉంది, దయచేసి అక్కడికి. లైన్ల ఎడం సలహా పనికొచ్చేదే కాబట్టి ఉంచుతున్నాను. మిగతాది కత్తిరించాను.

రాత్రిరాతలు

నాకు ఇందులో కొంత అభ్యంతరం ఉంది.

అందరూ పసుపు ఆకుకి మందు రాయరు కదా. నేను జ్ఞాపకాలు, చిన్న చిన్న అనుభవాలు రాస్తాను. నా పాఠకుడు దేన్నీ వెతుక్కుంటూ రాడు. వాడికి మొదటి లైన్‌లోనే జవాబు ఇవ్వమంటే, ఇక చదవడానికి ఏం మిగులుతుంది? ఉపశీర్షికలు, పొట్టి పేరాలు, ముద్ద అక్షరాలు... అన్నీ కలిసి ప్రతి రాతనూ మందు సీసా మీది చీటీలా చేసేస్తున్నాయి. పదేళ్లుగా రాస్తున్నాను, నెలకు ఒకటి. ఆ లెక్కలు ఎప్పుడూ చూసుకోలేదు.

ఎర్రసిరా

రాత్రిరాతలు గారూ, మీతో సగం ఏకీభవిస్తాను. జవాబు కోసం వచ్చినవాడికి జవాబు ముందివ్వాలి. కథ కోసం వచ్చినవాడికి ముందివ్వాల్సింది వేరు. కానీ ఏదో ఒకటి ఇవ్వాలి. మీరు రాసినవాటిలో ఎక్కువ మంది చదివింది ఏదో చెప్పగలరా?

రాత్రిరాతలు

నాన్న కలం మీద రాసింది. వాట్సాప్‌లో ఎవరెవరికో తిరిగి తిరిగి మళ్లీ నాకే వచ్చింది, కింద నా పేరు లేకుండా. అది వేరే బాధ.

ఎర్రసిరా

దాని మొదటి వాక్యం?

రాత్రిరాతలు

"నాన్న పోయిన పదకొండో రోజున ఆయన కలం మూత తిప్పితే ఇంకా తడిగానే ఉంది."

... సరే. అర్థమైంది.

పాతకలం

ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

ఇక నా ముక్క. నేను బ్లాగు ఫీడ్ల (ఆర్‌ఎస్‌ఎస్ అంటారు, కొత్త పోస్టుల్ని పాఠకుడి రీడర్ యాప్‌కి చేరవేసే ఏర్పాటు) రోజుల నుంచి రాస్తున్నవాణ్ణి. అప్పట్లో పాఠకులు మన బ్లాగును తమ రీడర్‌లో చేర్చుకునేవాళ్లు. మనం రాస్తే చాలు, పొద్దున పేపరు పడ్డట్టు వాళ్ల ముందు పడేది. ఉపోద్ఘాతం ఎంత సాగదీసినా భరించేవాళ్లు, ఎందుకంటే వాళ్లకు మనం తెలుసు. పోయిన వారం మనమేం రాశామో కూడా తెలుసు. 2013 జులై 1న గూగుల్ రీడర్ మూసేశారు. వేరే రీడర్లు ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి, కానీ మామూలు పాఠకుడికి ఆ అలవాటే తప్పిపోయింది. ఇప్పుడు వచ్చేవాడు సర్చ్ నుంచో, ఎవరో పంపిన లింకు నుంచో నేరుగా ఒక పోస్టు నడిమధ్యలో దిగుతాడు. మనమెవరో తెలియదు, ఇది బ్లాగని కూడా తెలియదు.

అందుకని ప్రతి పోస్టూ తన కాళ్ల మీద తాను నిలబడాలి. "గత వారం చెప్పుకున్నట్టు" అంటే వాడికి గత వారం లేదు. దానికి బదులు ఆ మాట మీదే లింకు ఇవ్వండి. చాలామంది పోస్టు అడుగున "ఇవి కూడా చదవండి" అని ఒక గంప కుమ్మరిస్తారు. నా అనుభవంలో దాన్ని నొక్కేవాళ్లు తక్కువ. వాక్యం మధ్యలో, సరిగ్గా అనుమానం వచ్చేచోట ఉన్న లింకునే నొక్కుతారు.

ఇంకోటి. ఈమెయిల్ చందా పెట్టె ఒకటి పెట్టండి. ఇరవై మంది చేరినా వాళ్లు మీ వాళ్లు. ఏ సర్చ్ కంపెనీ ఏ నియమం మార్చినా వాళ్లెక్కడికీ పోరు.

కుండీలోమొక్క

రాత్రి సర్చ్ కన్సోల్ తెరిచాను. 16 నెలల లెక్క దొరికింది, అంటే నా బ్లాగు పుట్టుక దగ్గర్నుంచి. రెండు గంటలు కూర్చున్నాను. కొంచెం కోపం, కొంచెం నవ్వు.

"సమగ్ర అవలోకనం" అనే మాట ఎవ్వరూ వెతకలేదు. ఒక్కరంటే ఒక్కరు. జనం వెతికినవి ఇలా ఉన్నాయి: "మనీ ప్లాంట్ ఆకులు ఎల్లో ఎందుకు", "మనీ ప్లాంట్ చనిపోతుంది ఏం చేయాలి", "కుండీలో నీళ్లు ఎన్ని రోజులకి పోయాలి". చాలావరకు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టారు. "పసుపు" అనేవాళ్ల కంటే "ఎల్లో" అనేవాళ్లే ఎక్కువ.

ఒక వింత కూడా ఉంది. కుండీ మట్టి మీద రాసిన పోస్టుకి ఇంప్రెషన్లు బోలెడు, క్లిక్కులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు (చేతివేళ్లే, పాతకలం గారూ). అంటే ఏంటి?

సర్చ్‌బార్

అంటే గూగుల్ మిమ్మల్ని చూపిస్తోంది, జనం చూసి వదిలేస్తున్నారు. ముందు సగటు స్థానం చూడండి. 30, 40 ఉంటే మూడో నాలుగో పేజీలో ఉన్నట్టు, క్లిక్కులు రాకపోవడం సహజం. 5, 6లో ఉండి కూడా నొక్కడం లేదంటే శీర్షికదే తప్పు. ఆ రెండో రకం పోస్టుల్నే ముందు పట్టుకోండి. కొత్తగా రాసే పని లేకుండా శీర్షిక మార్చితే ఫలితం కనబడేది వాటికే.

శీర్షిక ఎన్ని అక్షరాలుండాలని అడుగుతారు, ముందే చెబుతున్నా. గూగుల్ కత్తిరించేది అక్షరాలు లెక్కపెట్టి కాదు, తెర మీద ఎంత వెడల్పు ఆక్రమిస్తుందో దాన్ని బట్టి. మన లిపి వెడల్పు కాబట్టి తొందరగా తెగిపోతుంది. ముఖ్యమైన మాట ముందుంటే తెగినా నష్టం లేదు.

"ఎల్లో" సంగతికొస్తే, జనం ఆ మాట అంటున్నారు కాబట్టి ఒకటి రెండు చోట్ల మీరూ అనండి. తప్పులేదు. అలాగని ప్రతి వాక్యంలో కుక్కకండి. కొందరు ఇంకా పేజీ వెనకాల "మెటా కీవర్డ్స్" అని యాభై మాటలు నింపుతుంటారు. దాన్ని ర్యాంకు కోసం వాడడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. ఆ టైముతో ఒక పేరా బాగుచేసుకోవచ్చు.

పోస్టు అడ్రసు కూడా చూసుకోండి. తెలుగులో పెడితే బ్రౌజర్‌లో చక్కగానే కనిపిస్తుంది, కాపీ చేసి పంపితేనే చుక్కలు కనబడతాయి. "తెలుగు" అనే మాట తీసుకోండి. కంప్యూటర్‌కి అది ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. యూటీఎఫ్-8లో (కంప్యూటర్లు అక్షరాల్ని బైట్లుగా దాచుకునే పద్ధతి) ఒక్కో గుర్తు మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. మొత్తం 54 అక్షరాలు, ఒక్క మాటకి! శీర్షిక మొత్తం అలా వెళితే అందుకున్నవాడు వైరస్ అనుకుంటాడు. కొత్త పోస్టులకి పొట్టిగా ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోండి. పాతవి ముట్టుకోకండి, ముడితే రీడైరెక్ట్ (పాత అడ్రసుకి వచ్చినవాణ్ణి కొత్తదానికి మళ్లించే ఏర్పాటు) తప్పనిసరి.

వేగం99

ఇంత కష్టం అవసరమా బ్రో? నేను చెప్పింది ఎవరూ పట్టించుకోలేదు.

సర్చ్‌బార్

పట్టించుకున్నాను. ఏఐ వాడడం తప్పని గూగుల్ అనడం లేదు. ర్యాంకు కోసం పనికిమాలిన పేజీలు కుప్పలుగా తయారుచేయడం తప్పంటోంది, అవి మనిషి రాసినా యంత్రం రాసినా. 2024 మార్చిలో స్పామ్ నియమాల్లో దీన్ని ప్రత్యేకంగా చేర్చారు. అంతకుముందు 2022 డిసెంబరులో, నాణ్యత అంచనా వేసేవాళ్లకిచ్చే మార్గదర్శకాల్లో "అనుభవం" అనే మాట కొత్తగా కలిపారు. రాసినవాడు ఆ పని నిజంగా చేశాడా అని చూడమని.

మొదటి రెండు నెలలు గ్రాఫ్ లేచిందన్నారు. ఇప్పుడెలా ఉంది?

వేగం99

పడిపోయింది. అందుకే ఈ ఫోరంలో ఉన్నా.

పాతకలం

హహ. రండి, కూర్చోండి. మీ నిజాయితీకి ఒక దండం.

ఎర్రసిరా

వేగం99 గారిని ఏడిపించకండి, ఆయన అడిగినదాంట్లో న్యాయమైన ప్రశ్న ఒకటుంది. ఏఐ నాలుగు క్షణాల్లో మనీ ప్లాంట్ మీద శుభ్రమైన వ్యాసం రాసిస్తుంది. మరి మనమెందుకు? ఆ వ్యాసంలో మురుగు వాసన ఉండదు. అది ఏ కుండీనీ ఎత్తి చూడలేదు. @కుండీలోమొక్క, మీరు నాలుగు రోజులు కూర్చుని నాలుగైదు సైట్లు చూసి రాసిన పోస్టు సరిగ్గా యంత్రం చేసే పనే. పావుగంటలో చిరాకుగా రాసింది మాత్రం మీరు తప్ప ఎవరూ రాయలేరు. ఆ పావుగంట వెనక చచ్చిన మొక్క ఉంది.

అలాగని మొత్తం గోడు వెళ్లబోసుకోమనడం లేదు. ఆ పోస్టులో లోపం కూడా చెప్తాను. మొక్క చచ్చిందని చెప్పి ఆపేశారు. నిశ్శబ్ద పాఠకురాలు గారు లేచి పళ్లెం చూసుకున్నారు కదా, చూసి నీళ్లు కనబడితే ఏం చేయాలి? అక్కడ మీ పుస్తకాల జ్ఞానం కావాలి. రెండూ వేర్వేరు పోస్టుల్లో ఉండిపోయాయి. కలపండి.

మొదటి పేరా నేనైతే ఇలా మొదలుపెడతాను, నచ్చితే తీసుకోండి:

"మనీ ప్లాంట్ ఆకులు పసుపైతే ముందు నీళ్ల మగ్గు పక్కన పెట్టండి. మట్టిలో వేలు రెండో కణుపు దాకా దించి చూడండి. తడి తగిలిందంటే మొక్కకి దాహం లేదు, వేర్లకు గాలి ఆడడం లేదు. ఇది తెలియక రోజూ నీళ్లు పోసి నేనొక మొక్కని చంపుకున్నాను."

రాశాక పైకి చదవండి. నాలుక ఎక్కడ తడబడితే వాక్యం అక్కడ విరగ్గొట్టండి. నాకు ఇంతకుమించిన పరికరం దొరకలేదు.

నిశ్శబ్ద పాఠకురాలు

దీనికైతే నేను వెనక్కి బటన్ నొక్కను.

వేగం99

శీర్షిక "మీ మనీ ప్లాంట్ గురించి ఈ భయంకర నిజం తెలిస్తే షాక్" అని పెడితే? క్లిక్కులు గ్యారంటీ.

నిశ్శబ్ద పాఠకురాలు

ఒకసారి నొక్కుతాను. లోపల భయంకరమైనదేమీ లేకపోతే ఆ సైటు పేరు గుర్తుపెట్టుకుంటాను, ఇంకెప్పుడూ నొక్కకుండా ఉండడానికి.

రాత్రిరాతలు

పోస్టు ఎంత పొడుగుండాలో ఎవరూ చెప్పలేదు. 2000 మాటలకి తగ్గితే లాభం లేదని ఎక్కడో చదివాను. నావన్నీ 400.

సర్చ్‌బార్

అలాంటి లెక్కేదీ లేదని గూగులే చెబుతోంది. విషయం అయిపోయిన చోట ఆపండి.

కుండీలోమొక్క (మూడు వారాల తర్వాత)

అందరికీ ఒక రిపోర్ట్ బాకీ ఉన్నాను.

కొత్తగా ఒక్క పోస్టు కూడా రాయలేదు. 15 నెలల్లో వారం తప్పడం ఇదే మొదటిసారి, ఆ మొదటి ఆదివారం చేతులు దురద పెట్టాయి. నీళ్లు పోయడం గురించి విడివిడిగా నాలుగు పోస్టులున్నాయని అప్పుడే తెలిసింది. నాలుగూ ఒకే మాట చెప్తున్నాయి! అన్నీ కలిపి ఒకటి చేసి, పాతవాటి నుంచి రీడైరెక్ట్ పెట్టాను. మనీ ప్లాంట్ పోస్టులు రెండూ కలిపేశాను. ఎర్రసిరా గారి పేరాలో చివరి వాక్యాన్ని మొదటికి తెచ్చాను, క్షమించాలి, నాకలాగే బాగుందనిపించింది. గులాబీ తీసేసి పళ్లెంలో నిలిచిన నీళ్ల ఫొటో పెట్టాను. అందంగా లేదు కానీ నిజం. "యొక్క"లు వెతికితే 64 పోస్టుల్లో 312 దొరికాయి. ఇప్పటికి సగం తీశాను.

రోజుకి 11 మంది కాస్తా 19 అయ్యారు. నవ్వకండి. అందులో నన్ను తీసేసే లెక్క, ఫిల్టర్ పెట్టుకున్నాను. మట్టి పోస్టు శీర్షిక "కుండీ మట్టి - రకాలు, విశేషాలు" నుంచి "కుండీలో మట్టి గట్టిపడి నీళ్లు దిగడం లేదా?" అని మార్చాక, దాన్ని నొక్కేవాళ్లు పెరిగారు.

కామెంట్లు మాత్రం ఇంకా సున్నా.

ఎర్రసిరా

చివరి వాక్యం మొదటికి తెచ్చారా? చూశాను. మీదే బాగుంది.

నిశ్శబ్ద పాఠకురాలు

అక్కడ కామెంట్ పెట్టాలంటే లాగిన్ అడుగుతోందండీ. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మీరు చెప్పినట్టు వేలు పెట్టి చూశాను, మట్టి పొడిగానే ఉంది, పళ్లెంలో నీళ్లు లేవు. అయినా కొత్తగా వచ్చే ఆకులు పసుపుగానే వస్తున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగా, వల గీసినట్టు కనబడుతున్నాయి. ఇదీ నీళ్ల వల్లేనా?

కుండీలోమొక్క

అయ్యో, లాగిన్ ఇప్పుడే తీసేస్తాను, ఇన్నాళ్లూ నాకు తెలియనే తెలియదు.

కింది పాత ఆకులు బాగానే ఉన్నాయా? అది ముందు చెప్పండి. నత్రజని తక్కువైతే మొక్క పాత ఆకుల్లోంచి లాగి కొత్తవాటికి ఇచ్చుకుంటుంది, అందుకని కిందివి ముందు పసుపవుతాయి. ఇనుము అలా లాగి ఇవ్వలేదు. అందుకే ఇనుము అందకపోతే కొత్త ఆకులే పాలిపోతాయి, ఈనెలు పచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా, క్షారం ఎక్కువైతే వేర్లు దాన్ని తీసుకోలేవు. మీరు పోసే నీళ్లకి బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుందా?

నిశ్శబ్ద పాఠకురాలు

కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి. తెల్లపొర కడుతుంది, గీరినా పోదు. రేపు వెలుతురు ఉన్నప్పుడు ఫొటో తీసి పెడతాను.

సర్చ్‌బార్

@కుండీలోమొక్క, ఆవిడ అడిగిన వాక్యం ఉన్నదున్నట్టు రాసిపెట్టుకున్నారా?

కుండీలోమొక్క

"ఈనెలు మాత్రం పచ్చగా, వల గీసినట్టు." రాసుకున్నాను. ఆకు వెనక వైపు కూడా ఒక ఫొటో తీయండి మేడమ్.